తెల్ల గోలీకి మేం పెట్టిన పథ్యం

మా చిన్నమ్మాయికి ఎనిమిదేళ్లు నిండిన ఏడు, జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా, ఆ పిల్లకు ఒక మందు ఇచ్చాము. ఇచ్చాము అంటున్నాను గాని ఇచ్చింది నేనే. ప్రతి ఉదయం నా చేతితోనే నోట్లో వేశాను. ఆ పిల్ల ఇప్పుడు మనవరాలిని ఎత్తుకునే వయసుకు వచ్చింది. ఈ సంగతి రాస్తానని చెబితే, "రాసుకో బాపు, గని పేర్లు రాయకు" అంది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. మందు పేరు కూడా రాయడం లేదు. అటువంటి మందులు ఇప్పుడు కావలసిన పిల్లలకు జాగ్రత్తగా ఇస్తున్నారని, మేలు జరుగుతున్నదని విన్నాను. మా ఇంట్లో మేం దాన్ని ఎట్లా వాడామో అంతవరకే ఇక్కడ రాస్తాను.

అరవై దశకం నడుమ సంగతి. అప్పుడు నేను కొల్లాపూర్‌కు నాలుగైదు కోసుల దూరాన ఉన్న ఒక ఊళ్లో బడిపంతులును. మా సొంతూరు నల్గొండ వైపు. బదిలీ మీద వచ్చి, బడికి దగ్గరలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పదకొండేళ్లది. దానితో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

చిన్నది నిలకడ ఎరుగని పిల్ల. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకు ఒకసారి లేచి వాకిట్లో మేకను చూసి వచ్చేది. బడిలో చాప మీద కూర్చోబెడితే పలక అక్కడే ఉండేది, పిల్ల ఉండేది కాదు. రెండో తరగతిలో ఉన్నప్పుడు కదులుతున్న బండి వెనక వేలాడుతూ ఊరి చివరిదాకా పోయింది. ఇంకోసారి మోటబావి గిలక మీదికి ఎక్కి కూర్చుంటే, దించడానికి నలుగురు మగవాళ్లు రావలసి వచ్చింది. తెలివితక్కువ పిల్ల కాదు. పదమూడో ఎక్కం కిటికీలోంచి బయటికి చూస్తూనే ఒప్పజెప్పేది. నేను ఇంకొకరిని ప్రశ్న అడుగుతూ ఉండగానే తను జవాబు చెప్పేసేది. నేను అడిగిన పిల్ల ఏడ్చేది.

కొట్టాను. దాచుకోవడం ఎందుకు. బడిలో అందరి పిల్లలనూ కొట్టేవాళ్లం, నా పిల్లను రెండు దెబ్బలు ఎక్కువే కొట్టాను, పక్షపాతం చూపిస్తున్నాడని అనకుండా. ఒకరోజు నా తువ్వాలతో దాని కాలు కిటికీ ఊచకు కట్టేశాను. గంట సేపు ఆ ముడితో ఆడుకుని, చివరికి విప్పుకుని పోయింది.

ఊళ్లోవాళ్లు తలా ఒకటి చెప్పారు. దర్గా దగ్గర తాయెత్తు కట్టించాం. అమ్మవారికి కల్లు మొక్కుకున్నాం. పక్కింటి ముసలమ్మ ఒకరోజు మా అమ్మ దగ్గర కూర్చుని, "పిల్లకు ఆవగింజంత నల్లమందు నాకించరాదా. మా పిల్లలకు గట్లనే నాకించి కలుపుకు పోయేటోళ్లం. సాయంత్రందాక సప్పుడు లేకుండ పండేటోళ్లు" అంది. నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాడి ఇంట్లో అటువంటి మాట మాట్లాడవద్దని ఆ ముసలమ్మను గట్టిగా అన్నాను. ఆమె లేస్తూ, "నీ సదువు నీ బిడ్డకు రావాలె గద పంతులు" అని పోయింది.

ఆ వేసవి సెలవుల్లో హెడ్‌మాస్టరు నన్ను పిలిచి మర్యాదగానే చెప్పాడు. మూడో తరగతిలోకి తీసుకుంటాను గాని, ఇదివరకటిలా ఉంటే దసరా తర్వాత పేరు తీసేస్తాను అన్నాడు. పంతులు బిడ్డే బడి బయట తిరిగితే మీకూ బాగుండదు, మాకూ బాగుండదు అన్నాడు. ఇంటింటికీ తిరిగి ఆడపిల్లలను బడికి పంపండని బతిమాలేవాణ్ని నేనే.

మా బావమరిది హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేసేవాడు. విలాయతులో చదివి వచ్చిన ఒక డాక్టరు పిల్లల ప్రవర్తనకు కూడా మందు ఇస్తున్నాడని రాశాడు. పిల్లను తీసుకుని పొద్దున బస్సెక్కితే చీకటి పడేవేళకు చేరాం. మరునాడు దవాఖానలో డాక్టరు నాతో మాట్లాడుతున్నంత సేపూ పిల్ల బల్ల మీది ఫ్యాను మీట వేస్తూ తీస్తూ ఉంది. పదకొండుసార్లు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు, చూస్తూ ఊరుకున్నాడు. చివరికి, "ఇది మొండితనం కాదు మాస్టరుగారూ. బండికి ఎడ్లు మంచివే, పగ్గమే సరిగ్గా అందడం లేదు. కొట్టి లాభం లేదు" అన్నాడు.

చిన్న తెల్ల గోలీలు ఒక సీసాలో పోసి ఇచ్చాడు. ఆయన చెప్పిన మాటలు ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను, వరుస తప్పకుండా. మొదటి వారం సగం గోలీ, తర్వాత ఒకటి. ఉదయం కడుపునిండా తిన్న తర్వాతే. ఆదివారాలు, సెలవు రోజులు ఇవ్వవద్దు. ఆకలి తగ్గుతుంది, నిద్ర ఆలస్యమవుతుంది. తూకం చూస్తూ ఉండాలి. నెలకొకసారి తీసుకురావాలి. ఇన్నీ రాసుకుని, వీటిలో ఒక్క మొదటి మాటనే పాటించాను.

మందు పని చేసింది. చేయకపోతే ఈ కథ ఉండేది కాదు. పూర్తి గోలీ మొదలైన మూడోరోజున నేను లెక్కలు చెబుతుంటే ప్రార్థన గంట నుంచి ఇంటర్వెల్ గంట దాకా పిల్ల చాప మీద నుంచి లేవలేదు. నేను నల్లబల్ల వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగినప్పుడల్లా అక్కడే ఉంది. గంట కొట్టాక బయటికి వచ్చి, తొట్టి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాను. రెండు వారాలకు దాని అక్షరాలు గీతల మీద నిలబడ్డాయి. హెడ్‌మాస్టరు నా భుజం తట్టి, "ఏం చేసిన్రు సార్, మా ఇంట్ల గూడ ఒగడున్నడు" అని నవ్వాడు. తోటి పంతుళ్లు మా పిల్లను మిగతా పిల్లలకు చూపించి, "చూడుండ్రి, ఎంత బుద్ధిగ కూసున్నదో" అనడం మొదలుపెట్టారు.

నా భార్య మాత్రం ఒకరోజు కూర తరుగుతూ, "బిడ్డ నవ్వుతలేదు" అంది.

"పెద్దదవుతాంది గద."

"నెలల్నే పెద్దగైతరా?"

నేను డైరీ తీసి ఆనాటి లెక్కలు రాసుకున్నాను.

మొదటి ఆదివారం డాక్టరు చెప్పినట్టే గోలీ ఇవ్వలేదు. ఆరోజు పిల్ల పాత పిల్లే అయింది. పక్కింటి కొట్టం మీదికి ఎక్కి రెండు పెంకులు విరగ్గొట్టింది. మా అమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "మందన్నంక మండలం రోజులు తప్పకుండ తినాలె. నడుమ ఇడిస్తే ఇషమైతది. మీ నాయిన ఆస్మాకు మందు తిన్ననాడు ఒక్కపొద్దు గూడ ఇడువలే." ఆ మాట నాకు సరిగానే తోచింది. నేను ఏ పని మొదలుపెట్టినా రోజు తప్పించే మనిషిని కాదు. వారానికి ఒకరోజు ఆపే మందు నా మనసుకు మందులా అనిపించలేదు. పట్నం డాక్టరుకు మన పద్ధతులు తెలియవనుకున్నాను. రెండో ఆదివారం నుంచి గోలీ ఇచ్చాను. ఆ తర్వాత, మండలం దాటినా, ఒక్కరోజు కూడా తప్పలేదు.

మందు వెంట పథ్యం వచ్చింది. డాక్టరు పథ్యం మాటే ఎత్తలేదు. మా ఇళ్లలో ఎవరూ ఎత్తనక్కరలేదు. మందు నోట్లో పడితే నాలుక కట్టుకోవలసిందే. మా అమ్మ ఆరోజునుంచే చింతపండు బంద్ చేసింది. వంకాయ వద్దు, పుంటికూర, అదే గోంగూర, వద్దు, బెల్లం, నువ్వులు, పల్లీలు వద్దు, నూనె చుక్క తగలొద్దు. మిగిలింది జొన్నరొట్టె, పలచని మజ్జిగ, ఉప్పు వేసి ఉడికించిన పెసరపప్పు. మేమంతా పుంటికూర తింటుంటే పిల్ల పెసరపప్పు గిన్నె ముందు కూర్చునేది.

మొదట రెండు మూడు రోజులు బెల్లం అడిగింది. ఆ తర్వాత అడగలేదు. రొట్టె సగం తిని గిన్నె జరిపేది. కొన్నాళ్లకు పావు వంతు. మా అమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసిపోయేది. "పెద్దోళ్లకు గూడ చాతగాదు గిసుంటి పత్తెం. నా మనుమరాలు ఒక్కనాడు నోరు తెరిచి గిది పెట్టు అన్లే." నేను డైరీలో ఆగస్టు నెలలో రాసిన ఒక వాక్యం ఇది: "పిల్ల పథ్యం చక్కగా పాటిస్తున్నది." ఆకలి చచ్చిన పిల్ల నాలుక అదుపులో పెట్టుకున్న పిల్లలా కనబడింది మాకు. చదువుకున్న నాకూ, చదువురాని మా అమ్మకూ ఒకేలా కనబడింది.

మిగతా గుర్తులు కూడా కళ్లముందే ఉన్నాయి. పదకొండు గంటల వేళకు కడుపులో నొప్పి అనేది. పెదవులు ఎండి పగిలేవి. బొటనవేలి చర్మం గోటితో గిల్లుతూ గిల్లుతూ పచ్చిపుండు చేసుకుంది. మా అమ్మ పసుపు అద్దేది. ఇల్లంతా పడుకున్నాక కూడా అది కళ్లు తెరుచుకుని దూలాలు లెక్కపెట్టేది. సాయంత్రం గోలీ బలం దిగే వేళకు, ఎవరూ ఏమీ అనకుండానే ఏడ్చేది. ఎందుకమ్మా అంటే తెల్వది అనేది. ఒకరోజు బడి నుంచి వచ్చి గడపలో కూర్చుని చీమల బారును చూడడం మొదలుపెట్టింది. నేను కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, నోటుపుస్తకాలు దిద్దుకుని లేచేసరికీ అట్లాగే చూస్తూ ఉంది. ఆ రోజు ఎంత సంతోషించానో డైరీలో ఉంది.

సెప్టెంబరులో కుడి భుజం ఎగరవేయడం మొదలైంది. చొక్కా భుజం సర్దుకున్నట్టు ఒక్క ఎగురు. కాసేపాగి ఇంకొకటి. పెద్దది వెక్కిరించేది. "అమ్మా, చెల్లె మళ్ల కోడిపిల్ల లెక్క చేస్తాంది." నేను చిన్నదాన్ని మందలించాను, చెడ్డ అలవాటని.

తూకం మాట నాకు గుర్తుంది. ఊళ్లో ధాన్యం కొనే షావుకారు దగ్గర పెద్ద తరాజు ఉండేది. ఒకరోజు పిల్లను తీసుకుపోబోతే మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఆడపిల్లను తరాజుల కూసోబెడ్తవురా? తూచిన పిల్ల ఎదగదు. అందరి కండ్లు పడ్తయి." సరే, ఎప్పుడైనా కొల్లాపూర్ పోయినప్పుడు దవాఖానలో చూపిద్దాంలే అనుకున్నాను. పోలేదు. నెలకొకసారి హైదరాబాదు అన్నదీ అంతే. వానలు, సెలవు దొరకకపోవడం. మా బావమరిది డాక్టరును కలిసి గోలీలు తీసుకుని, మా వైపు వచ్చే మనుషుల చేత పంపేవాడు. పిల్ల తూకం ఎంత అని డాక్టరు అడిగాడట. పిల్ల బాగున్నదని చెప్పు అని కార్డు రాశాను.

దసరాకు వారం ముందు మా ఆవిడ పిల్లల బట్టలు దర్జీకి ఇవ్వాలంది. మా ఊళ్లో దర్జీ ఒక ముసలి సాయబు. బడి వెనక వేపచెట్టు పక్క చిన్న జాగాలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. ఎదిగే పిల్లల బట్టలు కుట్టడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. లంగా అంచును రెండు వేళ్ల వెడల్పున రెండుసార్లు లోపలికి మడిచి కుట్టేవాడు. జాకెట్టు పక్కల లోపల బట్ట వదిలేవాడు. ఏడాదికొకసారి ఒక మడత విప్పుకుంటే అదే లంగా మూడేళ్లు వచ్చేది. ఊళ్లో పంతుళ్ల పిల్లలూ, పటేళ్ల పిల్లలూ అందరూ అట్లాగే తొడుక్కునేవాళ్లు. ఆ ఏడు పెద్దదానికి కొత్త బట్ట కొన్నాం. చిన్నదానికి కిందటి దసరా లంగాజాకెట్టే ఒక మడత విప్పించాలని అనుకున్నాం.

ఆదివారం పొద్దున పిల్లలిద్దరినీ తీసుకుపోయాను. దర్జీ సాబ్ పెద్దదాని కొలతలు తీసుకున్నాడు. చిన్నదానికి పాత లంగా, జాకెట్టు అక్కడే గౌను మీదనే తొడిగించాడు. మోకాళ్ల మీద కూర్చుని అంచు పట్టుకుని చూశాడు. అంచు సరిగ్గా కిందటేడు ఉన్నచోటే ఉంది. ఆయన మడత విప్పలేదు. జాకెట్టు పక్క నుంచి పిడికెడు బట్ట పట్టుకుని నా వైపు తిరిగాడు.

"పంతులుసాబ్, గీ బట్ట ఎవరిది?"

"దానిదే. మీరు కుట్టిందే."

"నేను కుట్టిందే అని నాకు తెల్సు. గీ పిల్లకేనా అంటున్న." ఆయన నాలుగు వేళ్లు జాకెట్టు లోపలికి పోనిచ్చి చూపించాడు. కిందటేడు బిగుతుగా ఉన్న జాకెట్టు. గౌను మీద తొడిగినా నాలుగు వేళ్లు పట్టాయి. "ముప్పై ఏండ్లసంది కుడుతున్న. పిల్లల బట్టలు ఇప్పిన గని, ఒక్కనాడు లోపలికి కుట్టలే. గిది నేను కుట్టను."

"అదేంది సాబ్, జర లూజుంటే టాకా వెయ్యండి."

"టాకా ఏస్తే పండుగకు బాగ కనబడ్తది. పిల్ల సంగతి సూడుండ్రి. బుఖార్ గిట్ల వచ్చిందా?"

"లేదు."

"మరేంది? ఇంట్ల తిండి లేదా? పంతులు ఇంట్ల తిండి లేకుంటే మా ఇంటికి పంపుండ్రి, ఏడుగురున్నరు, ఎనిమిదైతరు."

ఆయన హాస్యానికే అన్నాడు. కాని నవ్వలేదు. పిల్ల ఆయన ముందు చేతులు రెండు పక్కలా చాచి, ఎట్లా నిలబెట్టాడో అట్లాగే నిలబడి ఉంది. భుజం ఒకసారి ఎగిరింది. కిందటేడు ఇదే పిల్ల కొలతలు ఇవ్వకుండా మిషను చక్రం తిప్పడానికి పోయి చెయ్యి నలగ్గొట్టుకోబోయింది, ఆయన తిట్టాడు. ఇప్పుడు ఆయన మిషను వైపు వేలు చూపించి, "తిప్పుతవా బిడ్డా?" అన్నాడు. అది తల అడ్డంగా ఊపింది.

ఇంటికి వచ్చి జాకెట్టు, గౌను విప్పించి చూశాను. రోజూ చూసే పిల్లే. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మా ఆవిడ చూసి పక్కకు తిరిగింది. మా అమ్మ, "పత్తెంల జర బక్కగైతరు పిల్లలు" అని ఇంకేదో అనబోయి ఆపేసింది.

మరునాడే సెలవు పెట్టి హైదరాబాదు పోయాం. దవాఖానలో పిల్లను తూకం మీద నిలబెట్టారు. జూన్‌లో రాసుకున్న తూకం కాగితం డాక్టరు ముందుంది. ఆయన రెండు తూకాలనూ పోల్చి చూశాడు. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. నేను సంచిలోంచి డైరీ తీసి ఇచ్చాను. నాలుగు నెలలు పిల్ల ఏ రోజు ఎంతసేపు కూర్చుందో, ఎన్ని లెక్కలు చేసిందో అందులో ఉంది. మెచ్చుకుంటాడనే ఇచ్చానేమో, ఇప్పుడు అబద్ధమెందుకు.

ఆయన పేజీలు తిప్పాడు. "ఆదివారాలు కూడా ఇచ్చారా?"

"తప్పకుండా ఇచ్చాను సార్."

"ఇందులో పిల్ల ఏం తిన్నదో ఎక్కడ రాశారు?"

ఆగస్టు పేజీ నేనే చూపించాను. పథ్యం అన్న మాట చదివి, ఎవరు చెప్పారని అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. ఆయన డైరీ మూసి నా చేతిలో పెట్టి, "మాస్టరుగారూ, ఈ మందే పిల్ల ఆకలిని చంపుతుంది. మిగిలిన ఆకలిని మీరు చంపారు" అన్నాడు. గొంతు పెంచలేదు. మందు వెంటనే ఆపమన్నాడు. ఏది అడిగితే అది పెట్టమన్నాడు. ఒళ్లు వచ్చాక తక్కువ మోతాదుతో మళ్లీ చూద్దాం, కాని ఇకముందు తూకం చూపనిదే గోలీ ఇవ్వనన్నాడు. భుజం సంగతి అడిగితే, పోవచ్చు, పోకపోవచ్చు అన్నాడు.

మందు ఆపిన నాలుగోరోజు పిల్ల పుంటికూరతో రొట్టెన్నర తిన్నది. మా అమ్మే దగ్గర కూర్చుని తినిపించింది. బెల్లం ముక్క కూడా చేతిలో పెట్టి లోపలికి పోయింది. పది రోజులకు బుగ్గల మీదికి కాస్త కండ వచ్చింది. కాళ్లలోకి పరుగూ వచ్చింది.

దసరా సెలవులు అయిపోయాయి. బడికి తనిఖీ వస్తుందని కబురు వచ్చింది. బడికి పై తరగతులు ఇస్తారా లేదా అనేది ఆ తనిఖీ మీదే ఉందని హెడ్‌మాస్టరు రోజూ గుర్తుచేశాడు. తనిఖీకి ముందురోజు నేను లెక్కలు చెబుతుండగా పిల్ల నాలుగుసార్లు లేచింది. ఐదోసారి నా బల్ల మీది సిరాబుడ్డి దొర్లించింది. హాజరు పట్టీ మీద, నేను వారం కూర్చుని రాసిన పట్టికల మీద సిరా పారింది. ఫుట్‌రూల్ తీసుకున్నాను. ఎన్ని దెబ్బలో గుర్తు లేదు. కొట్టి లాభం లేదన్న డాక్టరు మాట గుర్తుంది. గుర్తుండే కొట్టాను.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని పట్టికలు మళ్లీ రాస్తున్నాను. పిల్ల వచ్చి పక్కన నిలబడింది. ఒక చేతిలో నీళ్ల గ్లాసు. ఇంకో చేతిలో గోలీల సీసా. మా ఆవిడ అటక మీద, ఆవకాయ జాడీ వెనక పెట్టిన సీసా.

"గిది ఏసుకుంటే కొట్టవు గద బాపు?"

"అది వద్దు బిడ్డా. డాక్టరు వద్దన్నడు."

"మరి రేపు కూసోకపోతే?"

"నేను కొట్టను."

"పెద్దసార్ కొడ్తడు. నాకు కూసుందామనే ఉంటది బాపు. కాళ్లే లేస్తయి."

సీసా తీసుకుని జేబులో వేసుకున్నాను. పోయి అన్నం తినమన్నాను. రెండు రొట్టెలు తిన్నది.

తెల్లవారి బడికి బయలుదేరే ముందు, మా ఆవిడ బావి దగ్గర ఉన్నప్పుడు, పిల్లను లోపలికి పిలిచి సగం గోలీ వేశాను. సగమే గదా, ఒక్కరోజే గదా అనుకున్నాను. అది అడగకుండానే నోరు తెరిచింది.

తనిఖీ బాగా జరిగింది. ఇన్‌స్పెక్టరు నా తరగతిలో చాలాసేపు ఉన్నాడు. మొదటి వరుసలో కదలకుండా కూర్చున్న మా పిల్ల తల మీద చెయ్యి వేసి, ఎవరి అమ్మాయి అని అడిగాడు. నాదే అన్నాను. బడి పుస్తకంలో మూడో తరగతి క్రమశిక్షణ గురించి మంచి మాట రాశాడు. ఆ వాక్యాన్ని నా డైరీలో ఎత్తి రాసుకున్నాను. సగం గోలీ సంగతి అందులో రాయలేదు. ఇన్నేళ్లలో తెలిసి వదిలేసినది అదొక్కటే.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పిల్ల గిన్నె ముందు కూర్చుని ఉంది. రొట్టె అంచు తుంచి గిన్నెలోనే పెట్టి ఉంది. మా ఆవిడ దాని గడ్డం పట్టుకుని, ముఖం వెలుతురుకు తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఇచ్చిన్రా?"

నేను చెప్పులు విప్పుతూ ఉండిపోయాను.

"నోటితోని చెప్పుండ్రి. ఇచ్చిన్రా, లేదా?"

"సగమే."

మా అమ్మ కూడా అక్కడే ఉంది. ఎప్పుడూ నా తరఫున మాట్లాడే మనిషి, గోడవైపు తిరిగి కూర్చుంది. మా ఆవిడ గిన్నె పక్కకు జరిపి లేచింది. లోపలికి పోయి సంచిలో పిల్ల బట్టలు సర్దింది. నేను గుమ్మంలో నిలబడితే, "మీరు బడిని సూసుకోండి. ఇది మా అవ్వగారింటికాడ ఉంటది" అంది. మరునాడు పొద్దున బస్సుకు తల్లీపిల్లా పోయారు. పది రోజులకు మా ఆవిడ ఒక్కతే తిరిగి వచ్చింది.

మా అత్తగారి ఊరు ఆలేరు నుంచి రెండు కోసులు. పిల్ల అక్కడే పెరిగింది. ఆ ఏడు బడి లేదు. తర్వాత ఆ ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివి మానేసింది. నేను కొన్ని వందల మంది పిల్లలకు పైచదువుల దారి చూపించాను. మా చిన్నమ్మాయి ఇప్పటికీ నాకు ఉత్తరం రాయాలంటే కూతురి చేత రాయిస్తుంది. ఒళ్లు వచ్చింది, ఎత్తు మాత్రం అక్కకు చెవి దాకానే. అది మందువల్లనేనా అంటే చెప్పలేను. భుజం ఎగరడం పోలేదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఎక్కువవుతుంది.

డిసెంబరు సెలవుల్లో నేను ఆలేరు రైలు దిగి నడిచి ఆ ఊరు చేరాను. కళ్లంలో జొన్నలు కొడుతున్నారు. పిల్ల చొప్ప మోపుల మీద నుంచి కిందికి దూకుతూ, మళ్లీ పైకి పాకుతూ ఉంది. జుట్టు నిండా చొప్ప. దూరం నుంచే దాని అరుపు వినబడింది. ఐదారు నెలలుగా నేను వినని గొంతు. దగ్గరికి పోయి పిలిచాను.

నన్ను చూడగానే అది మోపు మీద నుంచి దిగింది. జుట్టు వెనక్కి తోసుకుని, కళ్లం అంచున నేల మీద కాళ్లు మడిచి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"లే బిడ్డా. పోయి ఆడుకో" అన్నాను.

"నిజంగ అంటున్నవా బాపు?"

"నిజంగనే."

అది నా ముఖం చూస్తూ కూర్చుంది. నేను మా అత్తగారింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసేదాకా లేవలేదు.